ఇంట్లో కంప్యూటర్‌కు యూపీఎస్: ఏ రకం కొనాలి, ఎంత సామర్థ్యం చాలు?

కరెంటు పోయి రెండు క్షణాల్లో తిరిగి వస్తే ఫ్యాను ఆగదు. బల్బు ఒకసారి మినుక్కుమని మళ్లీ వెలుగుతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ మాత్రం ఆగిపోతుంది. సేవ్ చేయని ఫైలు, సగం నింపిన దరఖాస్తు, అప్‌లోడ్ మధ్యలో ఉన్న సర్టిఫికెట్ అన్నీ పోతాయి. హార్డ్ డిస్క్ ఏదైనా రాస్తున్న సమయంలోనే కరెంటు పోతే విండోస్ కూడా పాడయ్యే అవకాశం ఉంది.

అందుకే చాలామంది యూపీఎస్ కొంటారు. కానీ "600 వీఏ ఒకటి ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్నది ఏడాది తిరగకుండానే అక్కరకు రాకుండా పోతుంది. లేదా కరెంటు ఉండగానే కుయ్ కుయ్ మంటూ కంప్యూటర్‌ను ఆపేస్తుంది. తప్పు ఎప్పుడూ యూపీఎస్‌దే కాదు. ఇంటికి వచ్చే కరెంటు తీరు చూడకుండా కొనడం వల్లే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంది. నిజామాబాద్ నగరంలోని ఇంటికి, అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలోని బోధన్ చుట్టుపక్కల ఊళ్లలోని ఇంటికి ఒకే యూపీఎస్ సరిపోకపోవచ్చు. ఎందుకో, ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

ముందు మీ ఇంటి సమస్య ఏమిటో తేల్చుకోండి

కరెంటుతో కంప్యూటర్‌కు వచ్చే ఇబ్బందులు ప్రధానంగా మూడు.

మొదటిది, క్షణకాలం పోయి రావడం. గాలివానలో చెట్టుకొమ్మ తీగకు తగిలినా, సబ్‌స్టేషన్‌లో ఒక ఫీడర్ నుంచి మరో ఫీడర్‌కు సరఫరా మార్చినా ఇలా అవుతుంది. కంప్యూటర్ లోపలి పవర్ సప్లై కరెంటు పోయాక సెకనులో అరవయ్యో వంతు సమయం మాత్రమే నిలబెట్టగలదు. అంతకు మించితే ఆగిపోతుంది.

రెండోది, గంటో రెండు గంటలో పూర్తిగా పోవడం. మరమ్మతుల కోసం లైన్ ఆపినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయినప్పుడు వచ్చేది ఇదే.

మూడోది, కరెంటు ఉంటుంది కానీ వోల్టేజీ ఉండదు. ట్యూబ్‌లైట్ వెలగదు, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. బోధన్ వైపు పల్లెల్లో ఎక్కువగా పట్టించుకోవాల్సింది దీన్నే.

వారం రోజులు గమనించి, ఏ సమయంలో ఏం జరిగిందో ఫోన్‌లో రాసుకోండి. వీలైతే సాకెట్‌లో పెట్టి చూసే చిన్న వోల్టేజీ మీటర్ కొనండి. ఖరీదైన వస్తువేమీ కాదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎంత చూపిస్తుందో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. నిబంధనల ప్రకారం 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే సుమారు 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉండాలి.

మీది ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్ అవసరమే ఉండకపోవచ్చు. దాని బ్యాటరీయే ఆ పని చేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆగేది వైఫై రౌటర్. దానికి 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ చాలు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, పిన్ సైజు సరిపోతాయో లేదో చూసుకోండి. ఫైబర్ కనెక్షన్‌లో గోడకు ఉండే పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి. మీ వీధిలో కేబుల్ ఆపరేటర్ పెట్టిన స్విచ్‌కు బ్యాకప్ లేకపోతే, మీ ఇంట్లో అన్నీ వెలుగుతున్నా నెట్ రాదు. ఆ మాట ముందే ఆపరేటర్‌ను అడగండి.

యూపీఎస్‌లలో మూడు రకాలు

ఆఫ్‌లైన్: కరెంటు ఉన్నంతసేపు దాన్ని ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌కు పంపుతుంది. పోగానే బ్యాటరీకి మారుతుంది. వోల్టేజీని సరిచేయదు. ధర తక్కువ. వోల్టేజీ బాగా ఉండి, అప్పుడప్పుడూ పోయి వచ్చే చోట పనికొస్తుంది.

లైన్ ఇంటరాక్టివ్: దీనిలో స్టెబిలైజర్ కలిసి ఉంటుంది. వోల్టేజీ తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. మరీ హద్దు దాటితేనే బ్యాటరీని వాడుకుంటుంది. బ్యాటరీకి మారడానికి పట్టే సమయం సాధారణంగా 4 నుంచి 10 మిల్లీసెకన్లు. కంప్యూటర్‌కు ఆ తేడా తెలియదు. నిజామాబాద్, బోధన్ ప్రాంత ఇళ్లకు ఎక్కువగా సరిపోయేది ఇదే.

ఆన్‌లైన్: ఎప్పుడూ బ్యాటరీ వైపు నుంచే కరెంటు తయారుచేసి ఇస్తుంది. మారే సమయమే ఉండదు. కానీ ధర ఎక్కువ, లోపలి ఫ్యాను శబ్దం, కరెంటు వాడకం కూడా ఎక్కువే. ల్యాబ్ యంత్రాలకు, సర్వర్లకు కావాలి కానీ ఇంట్లో ఒక కంప్యూటర్‌కు అక్కర్లేదు.

షాపులో "ఆటోమేటిక్ వోల్టేజీ రెగ్యులేషన్ ఉందా?" అని అడిగితే లైన్ ఇంటరాక్టివ్ అవునో కాదో తేలిపోతుంది.

వీఏ వేరు, వాట్ వేరు

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 600 వీఏ, 1000 వీఏ అని ఉంటుంది. మీకు అవసరమైన సంఖ్య అది కాదు. పక్కనే చిన్నగా రాసే వాట్లు చూడాలి. 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల వరకే ఇవ్వగలవు. 1000 వీఏ అన్నవి కూడా చాలావరకు 600 వాట్లకు మించవు.

ఇప్పుడు మీ లోడ్ లెక్కేయండి. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు డెస్క్‌టాప్ పని చేస్తున్నప్పుడు 60 నుంచి 120 వాట్లు తీసుకుంటుంది. 22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ 20 నుంచి 25 వాట్లు. రౌటర్ 10 వాట్ల దాకా. మొత్తం 155 వాట్లు దాటదు. దీనికి 600 వీఏ చాలు. యూపీఎస్ సామర్థ్యంలో 60, 70 శాతానికి మించకుండా లోడ్ ఉంటే మంచిది.

వీడియో ఎడిటింగ్, గేమింగ్ కోసం గ్రాఫిక్స్ కార్డు పెట్టిన కంప్యూటర్ అయితే లెక్క మారుతుంది. అది 300 నుంచి 500 వాట్ల దాకా లాగగలదు. 1000 వీఏ కూడా చాలకపోవచ్చు. ఇంకో విషయం కూడా చూసుకోవాలి. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు మెట్లు మెట్లుగా ఉండే కరెంటు ఇస్తాయి. పవర్ సప్లై మీద 80 ప్లస్ అనే ముద్ర ఉన్న కంప్యూటర్లలో కొన్ని దాన్ని తట్టుకోలేక ఆగిపోతాయి. అలాంటి కంప్యూటర్‌కు ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ తీసుకోవడమే మేలు.

యూపీఎస్‌కు లేజర్ ప్రింటర్ ఎప్పుడూ కలపొద్దు. ప్రింట్ తీసేముందు అది వేడెక్కడానికి ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. ఇస్త్రీ పెట్టె, మిక్సీ, ఫ్రిజ్, టేబుల్ ఫ్యాను కూడా అంతే.

ఎంతసేపు వస్తుంది?

600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. రెండూ గుణిస్తే 84 వాట్ అవర్లు. కానీ అరగంటలోపే ఖాళీ చేసేటప్పుడు ఆ బ్యాటరీ తన పూర్తి శక్తిని ఇవ్వదు. యూపీఎస్ లోపల కొంత వేడిగా కూడా పోతుంది. చేతికి వచ్చేది దాదాపు సగం. అంటే 100 వాట్ల కంప్యూటర్ కొత్తలో సుమారు 20 నిమిషాలు నడుస్తుంది. బ్యాటరీ పాతబడే కొద్దీ పది, ఐదు నిమిషాలకు దిగుతుంది. రెండు బ్యాటరీలుండే 1000 వీఏ యూపీఎస్ అదే కంప్యూటర్‌ను ముప్పావు గంట దాకా నిలబెట్టొచ్చు.

యూపీఎస్ పని సినిమా పూర్తయ్యేదాకా కంప్యూటర్ నడపడం కాదు. పని సేవ్ చేసి, కంప్యూటర్‌ను సరిగ్గా ఆపే సమయం ఇవ్వడం. పది నిమిషాలు చాలు అనుకుంటే 600 వీఏ తీసుకోండి. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తూ రెండు మూడు గంటలు ఆగకుండా పనిచేయాల్సి వస్తే, పెద్ద యూపీఎస్ మీద డబ్బు పెట్టకండి. ఇన్వర్టర్ చూడండి.

ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ అక్కర్లేదా?

ఇంటి ఇన్వర్టర్‌కు వాడే 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి. ఒక కంప్యూటర్, రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు కలిపి 300 వాట్లు అనుకుంటే మూడు గంటల పైనే వస్తుంది. కానీ మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ బ్యాటరీకి మారేలోపే కంప్యూటర్ ఆగిపోవచ్చు.

చాలా ఇన్వర్టర్ల వెనుక ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే త్వరగా మారుతుంది. అయితే ఆ మోడ్‌లో వోల్టేజీ హద్దులు ఇరుకవుతాయి. వోల్టేజీ 180కి అటూ ఇటూగా పడగానే ఇన్వర్టర్ బ్యాటరీని వాడటం మొదలుపెడుతుంది. వోల్టేజీ సరిగా ఉండే నగరంలో ఇది ఇబ్బంది కాదు. లో వోల్టేజీ ఊళ్లలో బ్యాటరీ పొద్దంతా ఖాళీ అవుతూనే ఉంటుంది.

అలాంటి చోట ఇన్వర్టర్‌ను మామూలు మోడ్‌లో ఉంచి, కంప్యూటర్ దగ్గర చిన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టుకోవచ్చు. మారే ఆ క్షణాన్ని యూపీఎస్ దాటిస్తుంది, తర్వాతి గంటలను ఇన్వర్టర్ చూసుకుంటుంది. అయితే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును కొన్ని యూపీఎస్‌లు కరెంటుగానే గుర్తించవు. ఇన్వర్టర్ నడుస్తుండగానే యూపీఎస్ తన బ్యాటరీ ఖాళీ చేసుకుని ఆగిపోతుంది.

బోధన్ వైపు: కరెంటు ఉంది, కంప్యూటర్ ఆగింది

1937లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ ఎదిగిన పట్టణం బోధన్. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గిన పొలాల్లో వరి పెరిగింది. వరి అంటే నీళ్లు, నీళ్లంటే మోటార్లు. రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలయ్యాక రైతుకు రాత్రి కాపలా తప్పింది. కానీ యాసంగిలో ఒకే ఫీడర్ మీద ఇళ్లు, బోరు మోటార్లు కలిసి ఉన్న ఊళ్లలో మోటార్లన్నీ నడిచే వేళ ఇళ్లకు వోల్టేజీ తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైన్ చివర ఉన్న ఇళ్లకు ఇంకా తగ్గుతుంది.

ఇలాంటి ఇంట్లో ఆఫ్‌లైన్ యూపీఎస్ పెడితే వోల్టేజీ పడిన ప్రతిసారీ బ్యాటరీకి మారుతుంది. ఇరవై నిమిషాల్లో బ్యాటరీ అయిపోతుంది. బల్బు వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ ఆగిపోతుంది. రోజూ ఇలా ఖాళీ అయ్యే బ్యాటరీ ఏడాది కూడా నిలవడం కష్టం.

అందుకే ఇక్కడ కొనేముందు పెట్టె మీద ఇన్‌పుట్ వోల్టేజీ రేంజ్ చూడండి. 140 నుంచి 300 వోల్టుల వరకు అని రాసి ఉంటే, 140కి పడేదాకా బ్యాటరీ జోలికి పోకుండా నెట్టుకొస్తుందని అర్థం. 180 నుంచి మొదలయ్యేది ఈ ఊళ్లకు పనికిరాదు.

ఇంకొక జాగ్రత్త. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ కాసేపు వోల్టేజీ ఊగిసలాడుతుంది. ఐదు నిమిషాలు ఆగి కంప్యూటర్ ఆన్ చేయండి.

ఎర్తింగ్ లేకపోతే ఏ యూపీఎస్ పెట్టినా లాభం లేదు

కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుందా? అయితే మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ పై రంధ్రానికి తీగే ఉండదు. పిడుగులు, హెచ్చు వోల్టేజీ నుంచి కాపాడే భాగాలు పనిచేయాలంటే ఎర్త్ ఉండాలి. యూపీఎస్ కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి.

న్యూట్రల్ తెగడం ఇంకా ప్రమాదం. వీధి లైన్‌లో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. బల్బులు ఒక్కసారిగా ఎక్కువ కాంతితో వెలిగినా, ఒక గదిలో ఎక్కువ, ఒక గదిలో తక్కువగా వెలిగినా వెంటనే మెయిన్ ఆపి, లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. మామూలు ఎంసీబీ దీన్ని ఆపలేదు. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించుకుంటే కంప్యూటర్‌తోపాటు టీవీ, ఫ్రిజ్ కూడా దక్కుతాయి.

మన ఎండలకు బ్యాటరీ తట్టుకుంటుందా?

యూపీఎస్‌లో ఉండేది నీళ్లు పోయక్కర్లేని లెడ్ యాసిడ్ బ్యాటరీ. కంపెనీలు చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క. అంతకు పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఇంజినీర్లు వాడే లెక్క. మే నెలలో నిజామాబాద్‌లో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల గదిలో, కిటికీ ఎండ పడే చోట, టేబుల్ కింద గోడకు ఆనించి పెట్టిన యూపీఎస్ ఇంకా వేడెక్కుతుంది. నాలుగు వైపులా గాలి ఆడేలా, నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి.

మామూలుగా రెండు మూడేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వస్తుంది. యూపీఎస్ మొత్తం మార్చక్కర్లేదు. అవే వోల్టులు, అదే ఏహెచ్ ఉన్న బ్యాటరీ తెచ్చి వేయిస్తే చాలు. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా ఆ రోజే వాడకం ఆపండి. నెలకోసారి పని సేవ్ చేసుకుని, గోడ దగ్గర స్విచ్ ఆపి ఎన్ని నిమిషాలు వస్తుందో చూడండి. ఆఖరి రోజు దరఖాస్తు నింపుతున్నప్పుడు బ్యాటరీ చచ్చిందని తెలియడం కన్నా ముందే తెలియడం మంచిది.

పాత బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. చెత్తబండిలో వేయకూడదు, ఇంట్లో విప్పకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే షాపులోనే పాతది ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

షాపులో చూసుకోవాల్సినవి

• యూపీఎస్ మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందా? 5 కేవీఏ లోపు యూపీఎస్‌లకు ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వర్తించే ప్రమాణం ఐఎస్ 16242. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి అసలుదో కాదో చూడొచ్చు.

• వాట్లు ఎన్ని? ఇన్‌పుట్ వోల్టేజీ రేంజ్ ఎంత?

• బ్యాటరీ ఎన్ని ఏహెచ్? తయారైన నెల ఏది? నెలల తరబడి షాపులో పడి ఉన్న బ్యాటరీ కొత్తదైనా సగం పాతదే.

• యూపీఎస్‌కు, బ్యాటరీకి వారంటీ వేర్వేరుగా ఎన్నేళ్లు? సర్వీస్ సెంటర్ నిజామాబాద్‌లో ఉందా, హైదరాబాద్‌కు పంపాలా?

• యూఎస్‌బీ పోర్టు ఉందా? ఉంటే మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయినా కంప్యూటర్ తనంతట తానే సేవ్ చేసుకుని ఆగేలా పెట్టుకోవచ్చు.

జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు వారంటీకి, ఫిర్యాదుకు అదే ఆధారం. వస్తువు చెడిపోయి షాపు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎక్కడ కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు ఉండదు.

ఇంటికి తెచ్చాక మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జ్ చేసి, తర్వాతే కంప్యూటర్ కలపండి.

లో వోల్టేజీకి మందు యూపీఎస్ కాదు

రోజూ 180, 190 వోల్టులే వస్తుంటే యూపీఎస్ మీద ఇంకా ఇంకా ఖర్చు పెట్టడం పరిష్కారం కాదు. సరైన వోల్టేజీ ఇవ్వాల్సిన బాధ్యత విద్యుత్ పంపిణీ సంస్థది. నిజామాబాద్ జిల్లాకు అది వరంగల్ కేంద్రంగా పనిచేసే టీజీఎన్‌పీడీసీఎల్.

ముందు 1912కు ఫోన్ చేసి, బిల్లు మీది సర్వీసు నంబరు చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. వారం రోజులు మీరు రాసుకున్న వోల్టేజీ వివరాలు ఇప్పుడు పనికొస్తాయి. తేదీ, సమయం, వోల్టులు కలిపి స్థానిక ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి సంతకం చేస్తే ఇంకా బలం. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచాలా, లైన్ మార్చాలా అన్నది వాళ్లు తేల్చాలి.

అక్కడ పని కాకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు. నిజామాబాద్‌లోనే ఒక వేదిక ఉంది. అక్కడ వచ్చిన తీర్పు నచ్చకపోతే హైదరాబాద్‌లోని విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు అప్పీలు చేయవచ్చు. వకీలు అక్కర్లేదు.

ఒక్క చూపులో

• ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంటే: రౌటర్‌కు చిన్న యూపీఎస్.

• నగరంలో మామూలు డెస్క్‌టాప్: 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్.

• లో వోల్టేజీ ఊళ్లలో: 140 వోల్టుల నుంచి పనిచేసే 600 లేదా 1000 వీఏ లైన్ ఇంటరాక్టివ్. దాంతోపాటు 1912కు ఫిర్యాదు.

• గంటల తరబడి పని ఆగకూడదంటే: ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్. లో వోల్టేజీ ఉంటే దాని తర్వాత చిన్న యూపీఎస్.

• గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్: వాట్లు లెక్కేసుకుని ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్.

• ఏది కొన్నా: ముందు ఎర్తింగ్, తర్వాత యూపీఎస్.